బావగారి ఊపిరి

తాత చెవుల గురించి రెండు కథలున్నాయి. అమ్మమ్మ చెప్పే కథలో అవి అలంకారానికి పెట్టినవి. పాలు పొంగిపోతున్నాయని వంటింట్లోంచి మూడుసార్లు కేకేసినా, పక్కగదిలో కూర్చున్న మనిషిలో చలనం ఉండేది కాదు. ఆఫీసువాళ్ళు చెప్పే కథలో మాత్రం అలాంటి చెవులు దేశం మొత్తం మీద ఒక్క జతే. సరిహద్దుకు అవతల, ఎక్కడో రేడియో స్టేషన్లో ఒకాయన వార్తలు చదువుతూ గుటక మింగితే, ఇక్కడ తాత కాగితం మీద గీత పెట్టేవాడు. అందుకే ఆఫీసులో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. 'చెవిగారు' అనేవాళ్ళు. జీతాల పట్టీలో సంతకం చూసి, ఈయనకో పేరు కూడా ఉందా అని కొత్తగా చేరిన గుమస్తా నోరెళ్ళబెట్టాడట.

రెండు కథలూ నిజమే. ఉన్న వినికిడంతా ఆఫీసులోనే ఖర్చుపెట్టేసి ఇంటికి ఖాళీ చెవులు పట్టుకొచ్చేవాడు, అంతే.

చదువు చూస్తే అంతంతమాత్రం. కుర్రతనంలో సరిహద్దు రైల్వే స్టేషన్లో సామాన్ల గుమస్తాగా చేరి, అవతలి రైళ్ళలో వచ్చేవాళ్ళతో పెట్టెల గురించి పోట్లాడి పోట్లాడి వాళ్ళ భాష నేర్చుకున్నాడు. తిట్లు ముందు, వ్యాకరణం తరవాత. ఆ భాష వచ్చినవాళ్ళు కావాలని సర్కారు వెతుకుతున్న రోజులవి. తాతను తీసుకెళ్ళి వినే గదిలో కూర్చోబెట్టారు.

వినే గదిలో ఎనిమిది బల్లలు. బల్లకో రికార్డు యంత్రం, ఒక హెడ్‌ఫోను, ముల్లు టిక్కుటిక్కుమనే చేతి గడియారం ఒకటి. చప్పుడు లోపలికి రాకుండా గోడలకు కంబళ్ళు కొట్టారు. చెప్పులు గుమ్మం బయటే విడవాలి. పెద్దసారైనా మేజోళ్ళతో రావలసిందే. ఆయన కుడికాలి మేజోడుకు బొటనవేలి దగ్గర చిల్లుండేది. ఎనిమిదిమందీ అవతలి దేశపు రహస్యాల కన్నా ఆ చిల్లు ఎంత పెరిగిందో ఎక్కువ శ్రద్ధగా గమనించేవారు.

అందరికీ ఒకటే ఫారం, అందులో మూడు గడులు. ఎప్పుడు అన్నారు, ఏమన్నారు, ఎలా అన్నారు. మొదటి రెండూ ఎవరైనా నింపగలరు. మూడో గడిలో మిగతావాళ్ళు 'గట్టిగా' అనో 'మామూలుగా' అనో రాసి ఊరుకునేవారు. తాత ఊరుకోలేదు. ప్రకటన చదివే మనిషి ఎక్కడెక్కడ ఊపిరి తీసుకున్నాడో అక్కడల్లా నిలువుగీత పెట్టడం మొదలెట్టాడు. చదివేవాడికి తను చదివేదాని మీద నమ్మకముంటే పొడుగాటి వాక్యాన్ని ఒక్క ఊపిరిలో లాగేస్తాడని, మనసులో జంకుంటే ముక్కముక్కకీ ఆగుతాడని ఆయన సిద్ధాంతం.

"మాటలు ఎవడైనా రాసిస్తాడు. ఊపిరి ఎవడూ రాసివ్వడు" అనేవాడు.

మొదట్లో అందరూ నవ్వారు. తరవాత నదీజలాల గొడవ వచ్చింది. ఆనకట్ట పేల్చేస్తామని అవతలివాళ్ళు ఒకటే రంకెలు. ముప్ఫై గీతలు పడవలసిన ప్రకటనకు తాత నలభై పెట్టి, 'వీళ్ళకు పేల్చే మనసు లేదు' అని కింద రాశాడు. రెండోరోజుకల్లా అవతలివాళ్ళు కబురు పంపి మాటలకు వచ్చారు. ఇంకో రెండుసార్లు కూడా అలాగే జరిగింది. ఇక అక్కణ్ణుంచి పైవాళ్ళు ప్రకటన చదవకముందే అడిగేవారట, చెవిగారు ఎన్ని గీతలు పెట్టారని.

ఆ గీతలన్నీ ఒకే గొంతుకు. అవతలి రేడియోలో ముఖ్యమైన ప్రకటనలన్నీ ఒక్కాయనే చదివేవాడు. తాత ఆయన్ని పాతికేళ్ళుగా పొద్దునా సాయంత్రం వింటున్నాడు. ముఖం చూసింది లేదు, పేరు కూడా తెలియదు. ఓసారి అమ్మమ్మ అన్నయ్య ఊరినుంచి వచ్చి రెండ్రోజులున్నాడు. తాత ఆయనతో పది నిమిషాలు కూర్చోలేదు. అమ్మమ్మకు ఒళ్ళు మండింది.

"మా అన్నయ్యకు పది నిమిషాలు లేవు గానీ ఆ రేడియో మనిషి కోసం పాతికేళ్ళు కూర్చున్నారు. ఆయనేనండీ మీ అసలు బావగారు!"

ఆ పేరు అలాగే ఉండిపోయింది. ఇంట్లో మాటల్లో బావగారికి జలుబు చేసేది, బావగారు సెలవు మీద వెళ్ళేవారు, బావగారు పళ్ళు కట్టించుకున్నట్టుంది అని అనుమానాలు వచ్చేవి. అప్పటికి స్కూల్లో చదువుతున్న అమ్మ, ఆయన నిజంగానే దూరపు చుట్టమని చాలాకాలం నమ్మింది. పండ్లబుట్ట పట్టుకుని ఎప్పటికైనా రాకపోతాడా అని చూసిందట.

"నాన్నా, మరి మన రేడియో ఆవిడ ఊపిరి వాళ్ళెవరైనా లెక్కపెడతారా?" అని అడిగింది ఓరోజు.

"పెట్టకుండా ఉంటారా? నాలాంటి వెర్రివాడు అక్కడా ఒకడుంటాడు. పాపం వాడికి ఏం తెలుస్తుంది, మనావిడకి ఏడాది పొడుగునా ముక్కుదిబ్బడేగా" అని నవ్వాడు తాత.

ఇలా నడుస్తుండగా ఎక్కడో సముద్రాలకు అవతల ఓ చిన్న దేశంలో యుద్ధం మొదలైంది. అది అన్నదమ్ముల తగువు. అన్న వెనక మనవాళ్ళు చేరారు. మనవాళ్ళు చేరారు కాబట్టి తమ్ముడి వెనక అవతలివాళ్ళు చేరారు. ఆంబోతులు కుమ్ముకుంటే నలిగేవి లేగదూడలే. ఆ దేశపు రేవు పట్నంలో మనవాళ్ళు నాలుగొందలమంది దిగారు. సైన్యం అనలేదు, సహాయ దళం అన్నారు. రోడ్లేసేవాళ్ళు, వైద్యులు, డ్రైవర్లు. వాళ్ళలో నీళ్ళ ట్యాంకరు నడిపే ఇరవైరెండేళ్ళ కుర్రాడు తాత కొడుకు, అమ్మకు అన్న.

మావయ్య పరీక్షలు మూడుసార్లు తప్పి, డ్రైవింగ్ లైసెన్సు మాత్రం మొదటిసారే కొట్టాడు. ఇంటికి రాసే ఉత్తరాల్లో యుద్ధం కన్నా వెటకారం ఎక్కువ. 'ఇక్కడ నన్ను అందరూ నీళ్ళాయన అంటున్నారు. నాన్న చెవి, నేను నీళ్ళు. అమ్మా, చెల్లి పుస్తకం తీసి కూర్చుందో లేదో చూడు, లేకపోతే దానికేం పేరు పెడతారో' అని రాశాడు. అమ్మమ్మ ఆ ఉత్తరాన్ని అమ్మ చేత రోజుకోసారి చదివించుకునేది. అమ్మమ్మకు చదవడం రాదు.

చలికాలం చివర్లో బావగారు ఓ ప్రకటన చదివారు. ఆ రేవులో ఉన్న పరాయి దళం పదిరోజుల్లో ఖాళీ చెయ్యాలి, చెయ్యకపోతే జరిగేదానికి మా పూచీ లేదు.

పెద్దసారు మేజోళ్ళతో తాత బల్ల దగ్గరకు వచ్చాడు. తాత కన్నా పదేళ్ళు చిన్నవాడు, నిదానస్తుడు.

"పైన ఒకటే తర్జనభర్జన అండీ. వాళ్ళు నిజంగా కొట్టేవాళ్ళయితే మనవాళ్ళను ఓడెక్కించేద్దామని. ఓడ రేవులోనే ఉంది. ఉత్త బెదిరింపయితే మాత్రం కదిలేది లేదు."

"కదిలితే ఏం పోతుంది సార్?"

"ఉత్త బెదిరింపుకే కదిలామనుకోండి, రేపు ప్రతిదానికీ బెదిరిస్తారు. మనం వాళ్ళను తూస్తున్నట్టే వాళ్ళూ మనల్ని తూస్తున్నారుగా."

తాత చేతి గడియారాన్ని కాసేపు అటూ ఇటూ తిప్పాడు. "సార్, మా అబ్బాయి అక్కడే ఉన్నాడు. ఈ పని వేరేవాళ్ళకిస్తే బాగుంటుందేమో."

"తెలుసండీ. కానీ ఆ గొంతును పాతికేళ్ళు విన్నవాళ్ళు ఇంకెవరున్నారు? మీకు వినపడింది మీరు రాయండి. అంతే."

అదే ప్రకటనను, అక్షరం మారకుండా, బావగారు మూడుసార్లు చదివారు. మొదటిరోజున, నాలుగోరోజున, ఏడోరోజున. మూడు నిమిషాల ప్రకటన. లెక్క ప్రకారం ముప్ఫై గీతలు పడాలి. మొదటిరోజు ముప్ఫైనాలుగు పడ్డాయి. నాలుగోరోజుకు నలభైఒకటయ్యాయి. ఏడోరోజున నలభైఏడు. నదీజలాల గొడవప్పుడు కూడా అన్ని పడలేదు. 'పూచీ లేదు' అనే రెండు ముక్కల మధ్య కూడా బావగారు ఆగారు.

పక్కబల్ల టైపిస్టమ్మ ఆ ముక్క వింది. "ఒంట్లో బాగాలేదేమోనండీ ఆయనకి?"

"ఆయన జలుబులు నాకు తెలియవా అమ్మా? జలుబు చేస్తే ముక్కు పలుకుతుంది, గొంతు జీరపోతుంది. చూడు, గొంతు గంటలా ఉంది. ఇది ఒంటి జబ్బు కాదు, మనసు ఒప్పుకోకపోవడం" అన్నాడు తాత. ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖంలో సంతోషం కనబడిందని టైపిస్టమ్మ తరవాతెప్పుడో అమ్మమ్మతో చెప్పింది. కొడుక్కి గండం తప్పిందన్న సంతోషం అది.

నివేదిక మర్నాడు పొద్దున ఇవ్వాలి. ఆఫీసు సంగతులు ఇంట్లో చెప్పకూడదు. కానీ అమ్మమ్మకు పత్రికలో ఏం రాశారో అమ్మ చదివి వినిపిస్తూనే ఉంది. ఓడ రేవులో ఉన్న సంగతి ఊరందరికీ తెలుసు. తాత కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి అమ్మమ్మ భోజనానికి పీటలు కూడా వెయ్యకుండా గుమ్మంలో నిలబడి ఉంది.

"ఎన్ని గీతలు?"

"అవన్నీ నీకెందుకే."

"ఎన్నండీ?"

"నలభైఏడు."

"అంటే?"

"అంటే వాళ్ళు కొట్టరు. ఉత్త అరుపులు."

"అయితే ఓడ మనవాళ్ళను ఎక్కించుకోదు."

"ఎక్కించుకోదు. అవసరం లేదుగా."

అమ్మమ్మ వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టింది. చదువు రాకపోయినా లెక్కలో ఎవరికీ తీసిపోదు. "పదిహేడు ఎక్కువ పడ్డాయి. ఏవండీ, పదిహేడు గీతలండీ. కాగితం మీద గీతలు. అవి తుడిచేస్తే నా బిడ్డ ఇంటికొస్తాడు."

"తుడిస్తే అబద్ధమవుతుంది."

"ఎవరికి నష్టం ఆ అబద్ధం? నాలుగొందలమంది ఇళ్ళకొస్తే దేశం పరువు పోతుందా? పోతే పోనివ్వండి. పరువుకి అన్నం పెట్టి పెంచామా? వాడికి పెట్టాం."

తాత పీట మీద కాదు, నేల మీదే కూలబడ్డాడు. "ఒక్కసారి తుడిచానంటే ఇక నేను పెట్టిన గీత దేన్నీ నేనే నమ్మలేనే. రేపు నిజంగా కొట్టేరోజు వస్తుంది. ఆరోజు నా మాట ఎవరు వింటారు? అయినా ఎందుకే భయం? నిన్ను ఓదార్చడానికి అనడం లేదు. లెక్క చెబుతున్నాను. పాతికేళ్ళ మనిషి. ఆయన ఊపిరి నాకు అబద్ధం చెప్పదు. వాడికేం కాదు."

ఆయన చెవుల్ని ఎంత ఎగతాళి చేసినా, లోపల ఎక్కడో అమ్మమ్మకూ వాటి మీద నమ్మకముంది. పీటలు వేసి అన్నం వడ్డించింది.

మర్నాడు తాత నలభైఏడు గీతలూ పెట్టి, కింద 'తడబాటు ఉంది, మనసు లేదు' అని రాసి సంతకం చేశాడు. ఆ మరుసటిరోజే ఓడ సిమెంటు బస్తాలు దింపేసి ఖాళీగా వేరే రేవుకు వెళ్ళిపోయింది.

పదోరోజు ఏమీ జరగలేదు. తాత ఇంట్లో కూనిరాగం తీశాడు. పదకొండోరోజూ ఏమీ జరగలేదు. పన్నెండోరోజు పొద్దున ఎనిమిదింటికి బావగారు గొంతు సవరించుకుని ఆ రేవును నేలమట్టం చేశామని చదివారు.

వినే గదిలో ఏడుగురు హెడ్‌ఫోన్లు తీసేసి లేచి నిలబడ్డారు. తాత లేవలేదు. ఆయన చెయ్యి అలవాటు చొప్పున గీతలు పెట్టుకుంటూ పోతోంది. మూడు నిమిషాల ప్రకటన. అయిపోయాక లెక్కపెట్టాడు. యాభైరెండు.

మళ్ళీ లెక్కపెట్టాడు. యాభైరెండే.

కొట్టడం అయిపోయింది. గెలిచామని చదవడానికి జంకేమిటి? ఇక ఒప్పుకోకపోవడానికి మనసుకు ఏం మిగిలింది? రికార్డు యంత్రాన్ని వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టుకున్నాడు. ఈసారి గీతలు పెట్టకుండా విన్నాడు. పాతికేళ్ళలో మొదటిసారి, ప్రకటనలా కాకుండా ఓ మనిషి గొంతులా విన్నాడు. గాలి అందని మనిషి. మెట్లెక్కి వచ్చిన ముసలివాడిలా, మూడు మాటలకోసారి ఆగి, గంటలాంటి గొంతును పంతం కొద్దీ నిలబెట్టుకుంటూ చదువుతున్నాడు. ఆయన ఆగింది జంకి కాదు. ఆయన ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఇది ఏ ఇంట్లో ముసలమ్మనడిగినా చెప్పేది. టైపిస్టమ్మ చెప్పనే చెప్పింది.

తాత హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టి చెప్పులేసుకోకుండానే ఇంటికి నడిచాడు.

చనిపోయినవాళ్ళ జాబితా తొమ్మిది రోజులకు వచ్చింది. అరవైముగ్గురు. కొట్టే సమయానికి మావయ్య ట్యాంకరు ఓడలు ఆగే ధక్కా మీద ఉందట. ఆస్పత్రికి నీళ్ళు పడుతున్నాడట. వార్త తెచ్చిన ఉద్యోగికి అమ్మమ్మ మంచినీళ్ళిచ్చింది. అతను తాగి, గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తో పట్టుకునే వెళ్ళిపోబోయాడు. వీధిగుమ్మం దగ్గర అమ్మ ఆ గ్లాసు తీసుకుంది.

నెల తిరగకముందే అవతలి రేడియోలో కొత్త గొంతు వచ్చింది. పాతాయన దీర్ఘకాలంగా శ్వాసకోశ వ్యాధితో బాధపడుతూ కన్నుమూశారని, ఆఖరివరకూ సెలవు తీసుకోలేదని రెండు వాక్యాల్లో చెప్పి పాటలు వేశారు. తాత ఆ రెండు వాక్యాలూ తర్జుమా చేసి, వాటి కింద తన చేతిరాతతో ఇంకో నాలుగు వాక్యాలు రాశాడు. ఫలానా తేదీన నేనిచ్చిన నివేదిక తప్పు. నేను లెక్కపెట్టింది జబ్బు మనిషి ఊపిరి. దాన్ని ఒక దేశపు జంకుగా రాశాను. దీన్ని ఆ నివేదికతో జతచేయగలరు.

పెద్దసారు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు.

"దీన్ని ఏ ఫైల్లో పెట్టమంటారండీ?"

"అది ఉన్న ఫైల్లోనే."

"ఇప్పుడు దీనివల్ల ఒరిగేదేమీ లేదు. పైగా..." అని గొంతు తగ్గించాడు. "చూడండి, మీరు మనసు కష్టపెట్టుకోవద్దు. మీ కాగితం అందకముందే పైవాళ్ళు దళాన్ని అక్కడే ఉంచేద్దామని అనుకున్నారు. మీది ఊరికే జతపడింది."

"నిజమేనా సార్?"

"నిజమే."

తాత ఆయన ముఖంకేసి చూశాడు. ఇదివరకైతే ఆ ఒక్క మాట ఎలా పలికిందో విని, నిజమో జాలో ఇట్టే చెప్పేసేవాడు. ఇప్పుడు చెవికి ఏమీ అందలేదు. మాట వినపడింది, అంతే. అమ్మమ్మ ఇన్నాళ్ళూ ఎగతాళి చేసిన చెవులు నిజంగానే అలంకారానికి మిగిలాయి.

రెండేళ్ళ తరవాత పత్రికల్లో వచ్చింది. అవతలివాళ్ళు కూడా ఆ పదిరోజులూ మనల్ని తూచారట. ఆ వారంలో మన మంత్రి కుటుంబంతో సముద్రతీరానికి షికారు వెళ్ళాడు. ఆ ఫొటో చూసి, వీళ్ళకు ఆ రేవు మీద పట్టింపు లేదు, ఒక్క దెబ్బ కొడితే వదిలేసి పోతారు అని అక్కడి చెవిగారెవరో రాశాడట. వాళ్ళు కొట్టరని మనం, వీళ్ళు నిలవరని అవతలివాళ్ళు. వాళ్ళు కొట్టారు, మనవాళ్ళు నిలిచారు. యుద్ధం ఇంకో నాలుగేళ్ళు నడిచింది.

కానీ ఆ రోజు ఇవేవీ తాతకు తెలియవు. పెద్దసారు ఫైల్లో పెట్టకుండా తిరిగిచ్చేసిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని ఇంటికి వచ్చాడు. మధ్యాహ్నం వేళ. అమ్మ స్కూల్లో ఉంది. అమ్మమ్మ దండెం మీంచి బట్టలు తీస్తోంది.

"కాసేపు కూర్చో. నీకొకటి చదివి వినిపించాలి" అన్నాడు.

అమ్మమ్మ బట్టలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తాత చదివాడు. అర్థం కాని మాట ఉంటుందేమోనని మళ్ళీ విడమరిచి చెప్పాడు. బావగారికి జబ్బని, అది తనకు తెలియలేదని.

"నేను అడిగినట్టు తుడిచేసి ఉంటే?"

"ఓడ మనవాళ్ళను ఎక్కించుకునేదేమో. సారు ఎలాగూ ఎక్కించుకునేది కాదంటున్నాడు. నాకు తెలీదే."

"మీ తప్పు లేదని నా చేత అనిపించుకుందామని వచ్చారా?"

"కాదు."

"అనను. ఉందని కూడా అనను. ఈ రెండూ నన్నెప్పుడూ అడగొద్దు." అమ్మమ్మ చొక్కా ఒకటి తీసి మడత పెట్టడం మొదలెట్టి ఆగింది. "అందులో వాడి పేరేదీ?"

"పేరెందుకు? ఇది ఆఫీసు కాగితం."

"తప్పు రాశానని రాశారు. ఆ తప్పుకి ఏమైందో రాయలేదు. మళ్ళీ రాయండి. అరవైముగ్గురని రాయండి. వాడి పేరు రాయండి. రాసి, తీసుకున్నామని ముద్ర వేయించుకుని రండి. అంతవరకూ ఇంటికి రావద్దు."

తాత మళ్ళీ రాశాడు. మర్నాడు పొద్దున పెద్దసారు దగ్గరకు వెళ్ళకుండా, కింద అంతస్తులో కాగితాలు తీసుకునే గుమస్తా కిటికీ దగ్గరకు వెళ్ళాడు. ఇలాంటివి ఇక్కడ తీసుకోవడం కుదరదన్నాడు గుమస్తా. పైనుంచి వచ్చిన మనిషి వెళ్ళిపొమ్మన్నాడు. తాత బెంచీ మీద కూర్చున్నాడు. ఎవరితోనూ తగువు పెట్టుకోలేదు. సాయంత్రం వెళ్ళి స్టేషన్ బెంచీ మీద పడుకుని, పొద్దున మళ్ళీ వచ్చి కిటికీ ముందు కూర్చున్నాడు. మూడోరోజు టైపిస్టమ్మ కిందికి దిగి వచ్చి ఆయన పక్కన కూర్చుంది. ఆవిడ వెనక మిగతా బల్లలవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు, చెప్పులు చేత్తో పట్టుకుని. వినే గది ఖాళీ అయిపోయింది. పెద్దసారు మెట్ల మీద నిలబడి చూసి, గుమస్తాకు తల ఊపాడు. ముద్ర పడింది.

ఆ కాగితాన్ని ఆ తరవాత ఎవరైనా చదివినట్టు దాఖలా ఏదీ లేదు.

తాత ఇంటికి వచ్చేసరికి అమ్మమ్మ గుమ్మంలోనే ఉంది. మూడురోజుల గడ్డంతో, నలిగిన చొక్కాతో ఉన్న మనిషిని పైనుంచి కిందికి చూసింది.

"వేశారా?"

"వేశారు."

"వాడి పేరు సరిగ్గా రాశారా?"

"రాశాను."

"ఏం రాశారో చెప్పండి."

కాగితం ఆఫీసులో ఉండిపోయింది. తాత గుమ్మంలో నిలబడే గుర్తున్నంతవరకూ చెప్పుకొచ్చాడు. తేదీ, నివేదిక నంబరు, జబ్బు మనిషి ఊపిరి, అరవైముగ్గురు. కొడుకు పేరు చెప్పగానే అమ్మమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"అక్కడ ఆగండి. ఆ ఒక్క ముక్కా మళ్ళీ చెప్పండి."

తాత ఆ పేరు మళ్ళీ చెప్పాడు.